హరిణి మెడ మీద నా చూపు

భారతీ,

బాగున్నావా అని రాయబోయి ఆగాను. వచ్చే నెలకు నువ్వు పోయి నాలుగేండ్లు. ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. రాయాల్సినంత విషయం లేదు. ఇప్పుడు ఉంది.

నువ్వు పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటున్న నీ కూతురు హరిణికి సోమవారం ఆపరేషన్. గొంతు దగ్గర, థైరాయిడ్ గ్రంథిలో చిన్న గడ్డ. కందిబ్యాడంత, ఒక్క పప్పుబద్దంత కూడా లేదు. మెడ నొప్పికని తీయించిన స్కానింగులో అనుకోకుండా బయటపడింది. సూదితో తీసి పరీక్షించారు. క్యాన్సరే అన్నారు... ఆ మాట మన ఇంట్లో రెండోసారి.

భయపడకు. నీది వేరు, ఇది వేరు. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఇంత చిన్నది, గ్రంథి దాటి బయటకు రానిది, చాలామందిలో ఏండ్ల తరబడి అట్లే ఉండిపోతుందట. ఆరు నెలలకొకసారి స్కానింగు చేసి కొలుచుకుందాం, పెరిగితే అప్పుడు తీద్దాం అంది. కోస్తే, అరుదుగానైనా, గొంతు నరానికి దెబ్బ తగలొచ్చట. బళ్లో చిన్నపిల్లలకు కన్నడం చెప్పి బతికే పిల్ల... గొంతు పోతే? కోత వద్దని హరిణే అంది. నేనూ సరే అన్నాను.

సరే అన్నాను గానీ, ఆరు నెలలు ఊరికే ఎట్లా ఉండాలి భారతీ?

శుక్రవారం దానికి తలకు పోసేది నేనే కదా, నీకు పోసినట్టే. నూనె అంటుతూ ఉంటే వేళ్ళు మెడ ముందుకు పోయేవి. పెరిగిందా? గట్టిపడిందా? చేతికి తగిలేంత పెద్దది కాదని డాక్టరమ్మ చెప్పింది. అయినా వెతికాను. తర్వాత శుక్రవారం దాకా ఆగలేకపోయాను. పొద్దున జడ వేస్తూ తడిమాను. అన్నం తింటుంటే మింగుడు పడుతోందా అని చూశాను. దగ్గితే చాలు, చేతిలో పని వదిలి వచ్చి నిలబడ్డాను. మెడకు చుట్టుకున్న చున్నీ తీయించాను.

చిన్నప్పుడు నువ్వు అనేదానివి... "యాడికి పోయినా నీ కండ్లు నా ఎంటే వస్తాండాయి మా! నువ్వుండంగా బళ్ళారికి పోలీసులు ఎందుకు?" నేను నవ్వేదాన్ని కాదు. బడికి పెద్ద టీచరమ్మను, నవ్వితే ఎట్లా?

పోయిన నెల హరిణి జుట్టు భుజాల పైకి కత్తిరించుకుని వచ్చింది. జడ లేదు. శుక్రవారం తలకు తనే పోసుకుంది. ఆ వారమే ఒక్కతే ఆస్పత్రికి పోయి ఆపరేషన్ ఎప్పుడు చేస్తారని అడిగింది.

నేను పరుగెత్తాను. గడ్డ పెరగనే లేదు, ఇప్పుడెందుకు కోస్తారని డాక్టరమ్మను నిలదీశాను. ఆమె నొచ్చుకోలేదు. ఎదురుచూడడం అందరి వల్లా కాదు, అట్లాంటివాళ్ళు తీయించుకోవడమూ సరైనదే అంది. గడ్డతో బతకగలను, మా అవ్వ చూపుతో బతకలేనని హరిణి ఆమెతో చెప్పిందట.

ఆస్పత్రి మంచం మీద నువ్వన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. రొమ్ములో గడ్డ సంగతి అన్నాళ్ళు ఎందుకు దాచావే అని నేను అడిగినప్పుడు... "నీకు చెప్తే దినామూ నన్నే చూస్తా కూసుంటావని చెప్పలేదు మా."

నిన్ను చూడలేదు, పోయావు. దీన్ని చూశాను, కత్తి కిందకు పోతోంది. నేనేం చేయాల్సింది? ఎంత చూడాల్సింది?

దేశనూరులో మా తమ్ముడింటికి పోయి ఉంటాను, ఆపరేషన్ మానుకో అని నిన్న బతిమాలాను. బతిమాలడం నాకు చేతనయ్యే పని కాదని నీకు తెలుసు. హరిణి తల అడ్డంగా ఊపింది. అంతే. ఇప్పటి నుంచే గొంతు దాచుకుంటోందేమో...

రేపు శుక్రవారం. ఆపరేషన్ తర్వాత చాన్నాళ్ళు కుదరదు, రేపు నువ్వే తలకు పొయ్యవ్వా అని చీటీ రాసి పెట్టి బడికి పోయింది.

నూనె వెచ్చబెడతాను. నా వేళ్ళు దాని చెవుల కిందకు దిగవు. ఈ మాట నీకే ఇస్తున్నాను భారతీ. దానికిస్తే నమ్మదు.

మీ అమ్మ