గాలి పడవ, కమ్మరి తిత్తి

పనసపుట్టు,
1978, మాఘమాసం

ప్రియమైన తమ్ముడు సుక్రుకి,

నేను సోములమ్మని. ఊరు పనసపుట్టు. వయసు అరవై దాటింది, ఎంత దాటిందో చెప్పడానికి అమ్మ లేదు. మొగుడు పోయాడు. కూతురు రత్న పోయింది. ఇంట్లో నేనూ, కొడుకూ, కోడలు చిట్టెమ్మా. నాకు రాత రాదు. బడి మేష్టరు ధనరాజు బాబు రాస్తున్నాడు. మెత్తబరిచి రాయొద్దని ముందే చెప్పాను.

నువ్వు నడిపే మన పెద్ద తెరచాప పడవకి తోడు చిన్న పడవ కొనుక్కురమ్మని నాలుగూళ్ళూ నిన్ను విశాఖపట్నం పంపిస్తున్నాయి. కర్ర పడవా, గాలి నింపే రబ్బరు పడవా అని మగాళ్ళని అడిగావు. నన్నడగలేదు. అయినా చెబుతాను.

ఆనకట్ట నీళ్ళు తగ్గితే మన ఒడ్డంతా మొలలోతు బురద, మునిగిన చెట్ల మోళ్ళు. పెద్ద పడవ దూరంగానే ఆగిపోతుంది. మనిషినైనా మూటనైనా దాని దగ్గరికి చేర్చేది చిన్న పడవే. ఇన్నాళ్ళూ ఆ చిన్న పడవ షావుకారు వరహాలరావుది. అవతలి ఒడ్డున అతని కొట్టు ముందు గొలుసు, గొలుసుకి తాళం. పసుపూ పిప్పళ్ళూ అతనన్న ధరకి ఇస్తేనే తాళం ఊడుతుంది.

రత్నకి నొప్పులొచ్చిన పొద్దున నువ్వు పెద్ద పడవలో నిలబడి అరిచావు. మేం ఒడ్డున నిలబడి అరిచాం. వరహాలరావు తాళంచెవి జేబులో వేసుకుని పెళ్ళికి పోయాడు. డోలీ కట్టి బురదలో దింపాం. నా కూతురు బురదలోనే కంది. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. అతను తిరిగొచ్చి ఏమన్నాడో నీ చెవులతోనే విన్నావు. "నొప్పులొత్తాయని ముందే కబురెట్టాల కదేటి, సుక్రూ?" నువ్వు తల దించుకున్నావు. నేను దించుకోలేదు.

ఇప్పుడు, "కర్రదే గట్టిది, నా రేవులోనే కట్టేసుకుందాం" అంటున్నాడట. గట్టిదే. గట్టిగా అతని రేవులోనే ఉంటుంది. రబ్బరుది గాలి తీస్తే చాపలా చుట్టుకుంటుందట కదా. అదీ నాకు కావలసింది. నెత్తినెట్టుకుని తెచ్చి నా మంచం కింద పెట్టుకుంటాను. మోడు గుచ్చుకుంటే చిరుగుతుందంటావు. చిరిగితే అతుకేస్తాం. తాళమేసిన పడవకి ఏ అతుకు వేస్తావు?

చిట్టెమ్మకి నెలలు నిండుతున్నాయి. బేగి తే.

నీ అక్క
సోములమ్మ, వేలిముద్ర

*

పనసపుట్టు,
అదే ఏడు, చైత్రం

చంకనెత్తుకు పెంచిన తమ్ముడికి,

గాలి పడవే తెచ్చావు. అందుకు సంతోషం. ఆడోళ్ళంతా వచ్చి తడిమి చూశారు. "ఏటత్తా, దున్నపోతు తోలు తెప్పించినావేటి?" అని అప్పలనర్సమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. రత్న పోయాక నవ్వడం అదే.

తర్వాత తెలిసింది, గాలికొట్టే పంపుని నువ్వు దారిలో వరహాలరావు కొట్లో దించేశావని. నూనె రాసి భద్రంగా ఉంచుతానన్నాడట, నువ్వు సరేనన్నావట. పడవ ఈ ఒడ్డున, దాని పంపు ఆ ఒడ్డున. పంపు తెచ్చుకోడానికి పడవ కావాలి. ఇదేటి తెలివిరా నీది?

చిట్టెమ్మకి నొప్పులొచ్చాయి. కేకలు విని పెద్ద పడవ తెచ్చి నిలబెట్టావు, కాదనను. పంపు మాత్రం ఆ కొట్లోనే ఉండిపోయింది. మేం గాలి పడవకి నోటితో ఊదాం. అప్పలనర్సమ్మ కళ్ళు తిరిగి కూలబడింది. పడవ సగం కూడా లేవలేదు. కమ్మరి మల్లేశు బొగ్గుల కోసం కొండెక్కిపోయాడు. కొలిమి దగ్గర కాళ్ళతో తొక్కి గాలి ఊదే తిత్తి ఉంది. కమ్మరింటి మగాడు తప్ప ఎవరూ దాన్ని తొక్కరు. ఆడది తొక్కితే కొలిమి చస్తుంది, ఇనుము పగులుతుంది అంటారు. మల్లేశు వచ్చేదాకా ఆగమన్నారు. నా కొడుకూ ఆగమన్నాడు. నేను ఆగలేదు. తిత్తి వెదురు గొట్టానికి నా చీరచెంగు చుట్టి పడవ మూతిలో దోపి, తొక్కాను. మోకాళ్ళు విరిగినట్టయ్యాయి. పడవ లేచింది.

చిట్టెమ్మని నీ చేతులతోనే పెద్ద పడవలోకి ఎక్కించుకున్నావు. ఆ వేళ నీకు ఆడది తొక్కిన గాలి మైల అని గుర్తు రాలేదు. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు.

మర్నాడు మల్లేశు అదే తిత్తితో గునపం కాల్చి సాగదీశాడు. పగల్లేదు. అయినా నేను తప్పు చేశానట. మేకపోతునిచ్చి, విందు పెట్టి, తలకి నీళ్ళు పోసుకుని ఆ తప్పు కట్టుకోవాలట. అంతవరకూ ఏ ఇంటి నిప్పూ నాకు అందకూడదట. పెద్దల్లో నువ్వొకడివి. "కట్టేయక్కా, గొడవెందుకు" అని కబురంపావు. తాళమేసినోడికి తప్పెప్పుడు వేశార్రా? అతని కొట్లో టీ తాగుతూనే ఉన్నారు కదా!

నేను కట్టను. మేకపోతు నా దొడ్లోనే ఉంది, అక్కడే ఉంటుంది.

నా తప్పు తేల్చే కూటానికి అవతలూళ్ళ పెద్దలంతా పెద్ద పడవలో వస్తారట. అక్కణ్ణుంచి ఒడ్డుకి గాలి పడవ ఎక్కాల్సిందే. ఆ రోజు నింపిన గాలి నేను తియ్యలేదు, ఎవర్నీ తియ్యనివ్వలేదు. మీరు కూర్చునేది నా కాళ్ళు తొక్కిన గాలి మీద. మైల అనుకుంటే పంచెలెగ్గట్టి బురదలో దిగండి. ఎవరెలా వస్తారో ఒడ్డున నిలబడి చూస్తాను. నిన్ను ముందు చూస్తాను.

ఇది చదివి వినిపించగా ఒప్పుకుని వేసిన ఎడమ బొటనవేలి ముద్ర:
సోములమ్మ

సాక్షులు:
చిట్టెమ్మ, కోడలు, వేలిముద్ర
మల్లేశు, కమ్మరి, తిత్తి గలవాడు, అడక్కుండా తానే వచ్చి వేసిన వేలిముద్ర

రాసినది: ధనరాజు