పలక పట్టిన ఫ్రాన్సు ముసలాయన

అవ్వా, బాసర లాడ్జిలో నా కొలువు బాగానే ఉంది, రంది పెట్టుకోకు.

పై గదిలో ఫ్రాన్సు ముసలాయన దిగాడు. నవలలు, నాటకాలు రాసి అక్కడ పెద్ద పేరు తెచ్చుకున్నాడట. మొదటి నాటకంలో కన్నతల్లి కాపురాన్నే బజారున పెడితే, ఆమె చచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదట. నవ్వుతూ ఆయనే చెప్పాడు. ఆ వెంటనే, వచ్చీరాని హిందీలో నీ గురించి అడిగాడు.

"మా అవ్వతోని నీకేం పని?" అన్నాను.

పోయిన నెల గుడిలో పసిపిల్లల వరుసలో కూర్చుని అక్షరాభ్యాసం చేయించుకున్నాడు. రోజూ పలక మీద దిద్దుతున్నాడు. "ఎంత భక్తి ఉన్నదో సూడు!" అంటుంది వంటామె పోశవ్వ. నాకైతే నమ్మకం లేదు.

నీ మోకాళ్లు ఎట్లున్నాయి? చింతకాయ తొక్కు పంపు.

నేను ఈ కార్డు రాస్తుంటే పక్కనే నిలబడి, అడ్రసులో నీ పేరు "క... మ... ల..." అని కూడబలుక్కుంటున్నాడు. ఇకనుంచి బాపు సంగతి కార్డు మీద రాయకు. కవర్లో పెట్టి గట్టిగా అంటించు.

నీ కాళ్లు మొక్కే బిడ్డ,
వినోద