బ్యాటరీ దిగిపోయిన కారు

ఏమండీ,

మీరు మోజుపడి కారులో బిగించుకున్న రేడియో ఇంకా బాగానే పాడుతోంది. మీరు పోయాక ఏడాది తిరిగేదాకా ఇంట్లో పాట వినిపించకూడదని మీ చెల్లెలి శాసనం. షెడ్డులో కారు ఇల్లు కాదు గదా అని, మధ్యాహ్నాలు అందులో అద్దాలెత్తుకుని కూర్చుని వింటున్నాను. ఇంజను ఆపి రేడియో పెడితే బ్యాటరీ దిగిపోతుందని మీరు చెప్పేవారు. విన్నదెవరు?

ఇవాళ పామర్రు వెళ్దామంటే బండి కదల్లేదు. డ్రైవరు కరీముల్లా మీద మనబ్బాయి విరుచుకుపడ్డాడు.

"లైట్లు ఆర్పకుండా పోయావా?"

"ఆర్పే వెళ్లానండీ."

"రేపట్నుంచి రావద్దు."

ఇక చెప్పక తప్పలేదు. "అతన్నేమీ అనకురా. రేడియో పెట్టింది నేను."

మీ చెల్లెలు బుగ్గలు నొక్కుకుంది. "వార్తలేనా వదినా?"

"పాటలే."

ఆవిడ అన్న మాటలన్నీ పడ్డాను. ఆ పాటలు వింటున్నంతసేపూ మీరు ఒక్కసారైనా గుర్తు రాలేదని మాత్రం ఆవిడకి చెప్పలేదు.