కనక పేరున ఉన్న లైసెన్సు

కోవిల్‌పట్టి, బుధవారం రాత్రి

మా కంపెనీలో అగ్గిపెట్టెల లేబుళ్లు గీసే సాఫ్ట్‌వేర్‌కు ఆరు లైసెన్సులే ఉన్నాయి. ఒక్కోటి ఒక్కరి పేరున కేటాయించాం. నెల రోజులు తెరవకపోతే దాన్ని ఇంకొకరికి ఇవ్వాలన్నది నేను పెట్టిన నియమమే. ఈ ఉదయం కనక పేరు తీసేసి, కొత్తగా చేరిన అమ్మాయి పేరు వేశాను. కనక కాన్పుకని విరుదునగర్‌లో పుట్టింట్లో ఉంది. అది తెలిసి కూడా నియమమే చూశాను.

సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. “ఇంట్లోనించే కొంచెం పని చేద్దామని తెరిస్తే నా పేరే లేదమ్మా. నన్ను పనిలోనించి నిలిపేస్తిరా? బిడ్డకు మూడు నెలలైతే వస్తానంటినే!” లేదని చెప్పేలోపే పెట్టేసింది. తర్వాత నాలుగుసార్లు చేసినా ఎత్తలేదు.

రేపు నేనే వెళ్తానంటే మనవడు నవ్వాడు. “డబ్బు కట్టి ఇంకో లైసెన్సు తీసి మెసేజ్ పెడితే సరిపోయె అవ్వా. దీనికి పోయి బస్సెక్కేదా?”

“లైసెన్సు నువ్వు తియ్యిరా. బస్సు నేనెక్కుతా.”

పని పోయిందనుకుని ఆ బాలింత ఏడుస్తూ ఉందేమో. వాళ్లమ్మ నన్ను లోపలికి రానిస్తుందో లేదో. తప్పు నాదేనని ముందు చెప్పాలా, బిడ్డను చూపించమని ముందు అడగాలా...