ఒకే చెంచా, పన్నెండు కప్పులు

పెద్దక్కకు, బావకు నా దండాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలు బడికి పోతున్నారా? ఇబ్రహీంపట్నంలో నేను, మా ఆయన, అత్తమ్మ ముగ్గురం బాగున్నాం. మా గురించి రంది పెట్టుకోకు. ఫోన్లో చెబితే నువ్వు స్పీకరు పెట్టి వాడకట్టంతా వినిపిస్తావు, అందుకే రాస్తున్నా.

నేను టీ పొడి ప్యాకింగ్ షెడ్డులో పనికి కుదిరాను కదా. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. దుమ్ములో పని మానేయమన్నాడు డాక్టరు. మానేస్తే ఇల్లెట్లా గడుస్తుంది? అప్పుడే టీ రుచి చూసే గదిలో ఒక మనిషి కావాలన్నారు. అక్కడ దుమ్ముండదని పోయాను.

అక్కా, ఆ గది సంగతి విను. బల్ల మీద వరసగా పన్నెండు తెల్ల కప్పులు. పాలు లేవు, చక్కెర లేదు, ఉత్త నల్ల టీ. రుచి చూసే పెద్ద సారు చెంచా ముంచి, సుర్రుమని పీల్చి, పుక్కిలించి బకెట్టులో ఉమ్ముతాడు. కడగకుండా అదే చెంచా పక్క కప్పులో ముంచుతాడు. ఆయన వెనక ఇంకొకాయన, ఆ వెనక నేను. ఇద్దరి ఎంగిలి నా నోట్లోకి. చెంబు మూతికి తాకనియ్యకుండా పెంచింది మనల్ని అమ్మ. ఇక ఆ బకెట్టులో నురుగు చూశావంటే నువ్వు రెండు రోజులు అన్నం ముట్టవు.

మొదటి రోజు నోట్లోది ఉమ్మడానికి మనసొప్పక పన్నెండూ మింగేశాను. బయటికి పరుగెత్తి మొత్తం కక్కాను. సారు నవ్వలేదు. "ఉమ్ముడు నేర్చుకో అమ్మా. లేకుంటె మల్ల షెడ్డుకే పో" అన్నాడు.

నేర్చుకున్నాను. వారం తర్వాత ఒక కప్పు దగ్గర ఆగిపోయాను. అస్సాం నుంచి వచ్చిన మేలురకమట. ఎర్రగా, తేటగా, కొత్త బెల్లం వాసనతో ఉంది. అంత మంచి టీ నా జన్మలో తాగలేదు, ఉమ్మబుద్ధి కాలేదు. పక్క కప్పు కూడా అదే తోటదన్నారు గానీ నాకు తడి గోనెసంచి వాసన కొట్టింది. భయపడుతూనే చెప్పాను. సారు మళ్లీ చూసి అవునన్నాడు. ఆ సరుకు వెనక్కి పంపారు, నా పని ఖాయమైంది. ఇప్పుడు దగ్గు కూడా తగ్గింది.

మామిడి తొక్కు పంపుతానన్నావు, పంపకు. పని ఉన్న రోజుల్లో కారం, ఉల్లిగడ్డ తినొద్దంట. నువ్వుల లడ్డూలు పంపు.

మొన్న ఆదివారం అత్తమ్మ సంబరంగా అల్లం దంచి, పాలు పోసి, బాగా మరగబెట్టి చాయ్ ఇచ్చింది. "తాగు బిడ్డా, నీ తిప్పలు తీరినయ్" అంది. నోట్లో పోసుకుంటే మాడిన పొడి, పాల జిడ్డు. నాకు తెలియకుండానే పుక్కిలించి, ఆమె ముందే వాకిట్లో ఉమ్మేశాను.

అత్తమ్మ నా చేతిలో గ్లాసు తీసుకుని, అందులో మిగిలింది తాను తాగింది. నా ఎంగిలి, అక్కా. ఆ బకెట్టు మీద కన్నా నా మీద నాకే ఎక్కువ రోత పుట్టింది.

నేను ఇంటికి వచ్చినప్పుడు నువ్వూ చాయ్ పెడతావు. పెట్టు. పన్నెండు కప్పులైనా మింగుతాను. అమ్మకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. నన్ను మంచిగా ఉండమని దీవించు.

నీ చెల్లె,
సుజాత