మీ వైపు పద్ధతిలో ఒక బాన

ఖెవిసుబని గ్రామం,
కఖేతి.
మార్చి 18

చిరంజీవి మారెఖికి,

దోదో దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అన్నానే గాని, ఈ ఇంట్లో ఉన్నది నేనూ, నాలుగు కోళ్ళూ, చెవిటి కుక్కా. అక్కడ నువ్వూ మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఆవిడ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? ఏడాదిన్నరగా ఒక్క ముక్క రాయని మనిషి ఇప్పుడు మోకాళ్ళ గురించి అడుగుతోందేమిటని నువ్వనుకుంటావు. అనుకో. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.

ఈసారి చలి ఆలస్యంగా పోయింది. ద్రాక్షతోట కత్తిరింపు మొన్ననే అయింది. కత్తెర పట్టుకున్న ప్రతిసారీ నువ్వే గుర్తొస్తావు. మా అబ్బాయి గేలా పోలండులో లారీ తోలుకుంటూ అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని తెలిసిన రోజున, నువ్వు పెట్టె సర్దుకుని పుట్టింటికి, మీ ఇమెరెతికి పోతావనుకున్నాను. ఊరంతా అలాగే అనుకుంది. నువ్వు మూడు రోజులు తలుపేసుకుని పడుకున్నావు. నాలుగో రోజు వంటింట్లోకొచ్చి, "అత్తయ్యా, తోట కత్తిరింపుకొచ్చింది, కత్తెరెక్కడ పెట్టారు?" అన్నావు. నేను చూపించాను. అంతే, ఇద్దరం దాని గురించి ఇంకెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ ఏడే కదా, పళ్ళు ఫ్యాక్టరీకి తోలడం మానేసి మనమే వైను చేసి మనమే అమ్ముదామన్నావు. మీ మామగారు పోయాక వైను ఊరబెట్టడానికి భూమిలో పాతిన ఆరు పెద్ద మట్టి బానల్లో నాలుగు ఖాళీగా పడున్నాయి. నువ్వు సన్నగా ఉంటావు కాబట్టి బాన మూతిలోంచి లోపలికి దిగి, చెర్రీ బెరడుతో గోడలన్నీ తోమావు. లోపల గాలాడక మనిషి సొమ్మసిల్లినా పైవాళ్ళకి తెలియదు కాబట్టి దిగినవాళ్ళు మాట్లాడుతూనే ఉండాలని నేను చెబితే, నువ్వు పాడటం మొదలుపెట్టావు. ఎంత ఘోరంగా పాడావంటే, పక్కింటి శోతా గోడమీంచి తొంగిచూసి, "దోదో, ఎవరైనా పడిపోయారా?" అని కంగారుగా అడిగాడు.

ఆ తర్వాత ఆవుల కొట్టం మీద నీ కన్నుపడింది. అక్కడ బల్లలు వేసి, ఊళ్ళు చూడవచ్చేవాళ్ళని కూర్చోబెట్టి, రుచికి ఇంతని డబ్బు తీసుకుందామన్నావు. నా ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చినవాళ్ళకి పోసిన వైనుకి డబ్బు పుచ్చుకుంటే మీ మామగారు సమాధిలోంచి లేచొస్తారన్నాను. "రానివ్వండి అత్తయ్యా, ఆయనకి మాత్రం ఊరికే పోద్దాం" అన్నావు. నాకు నవ్వొచ్చింది గాని నీకు కనబడనివ్వలేదు.

గోడలకి నువ్వే సున్నం కొట్టావు. గడ్డి వేసే తొట్టిని సీసాలు పెట్టే అరగా మార్చావు. శోతా ఊరంతా తిరిగి, దోదో కోడలు కొట్టంలో జర్మన్లని కట్టేస్తోందని చెప్పుకొచ్చాడు. మొదటిసారి వచ్చినవాళ్ళు వైను నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్లో ఉమ్మితే నేను చీపురు పట్టుకుని లోపలికొచ్చాను. నువ్వు నన్ను వాకిట్లోకి లాక్కెళ్ళి, "అది మెచ్చుకోవడమేనండీ, ఒట్టు!" అన్నావు. నేనిప్పటికీ నమ్మను.

మూడో ఏడు నువ్వు ఒక బాన మీ వైపు పద్ధతిలో చేస్తానన్నావు. మా కఖేతిలో తొక్కలూ గింజలూ తొడిమలూ అన్నీ రసంతో పాటు ఆరునెలలు నానాలి. మీవాళ్ళు తొడిమలు తీసేసి, గుప్పెడు తొక్కలు వేసి ఊరుకుంటారు. అది వైను కాదు, ద్రాక్షపళ్ళు కడిగిన నీళ్ళని నేనన్నాను. అయినా చిన్న బాన ఒకటి ఇచ్చాను. ఆ వైను గురించి కింద రాస్తాను.

ఆ మరుసటి ఆగస్టు సంగతి నువ్వూ మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. గేలా ఫోన్ చేశాడనీ, ఆ పోలండు పిల్లని తీసుకుని ఇంటికొచ్చేస్తున్నాడనీ, నువ్వు ఇక్కడుంటే బాగుండదంటున్నాడనీ నీతో చెప్పాను. నువ్వు చేతులు కడుక్కుని, బానల గది తాళంచెవి బల్లమీద పెట్టావు. మర్నాడు పొద్దుటి బస్సుకి నిన్ను సాగనంపడానికి కూడా నేను రాలేదు. గేలా చివరికి రానేలేదు. వాడి సంగతి నీకు తెలిసిందే.

ఆ ఏడు పంట బాగా వచ్చింది గాని వైను పాడైంది. బానలు కడగడానికి కూలికి పెట్టిన మనిషి సరిగా తోమలేదు. వసంతంలో మూతలు తీస్తే రెండు బానలు పులిసి ముక్కు బద్దలయ్యే వాసన. నేను పారబోస్తుంటే శోతా వచ్చి నిలబడి, వేళాకోళం ఆడకుండా, రెండో చేద తనే అందుకున్నాడు. అది చూశాకే నాకు ఏడుపొచ్చింది. కొట్టంలో నువ్వు పెట్టిన రుచి గదికి తాళం వేసేశాను.

కిందటి సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం వానలో కారొచ్చి ఆగింది. హాలెండు నుంచి మొగుడూ పెళ్ళాం, డెబ్బై ఏళ్ళ వాళ్ళు. డ్రైవరు మన తెలావి కుర్రాడే. వాళ్ళు ఇదివరకు వచ్చారట, మారెఖి ఉందా అని అడుగుతున్నారన్నాడు. పుట్టింటికి వెళ్ళిందన్నాను. ఎప్పుడొస్తుందని అడగమందట ఆ పెద్దావిడ. నేను వెళ్ళి గది తాళం తీశాను. వానలో నిలబెట్టి మాట్లాడలేను కదా.

బల్లమీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము. ఇంట్లో మంచి వైను లేదు. తొట్టిలో నీ చేత్తో చేసిన ఆ చిన్న బాన తాలూకు సీసాలు ఐదున్నాయి. ఒకటి తీసి పోశాను. రొట్టె, జున్ను, అక్రోట్లు పెట్టాను. ఆవిడ ఒక గుక్క తాగి, బకెట్ని కాలితో అవతలికి తోసింది. ఆయన రెండో గ్లాసు తనే పోసుకున్నాడు. నాకూ పోశారు. మారెఖీ, ఇన్నాళ్ళూ నేను దాన్ని నోట పెట్టలేదు, పంతానికి. తాగాను. పళ్ళు కడిగిన నీళ్ళు కాదు. తొలి ఎండ తగిలిన తోటలా ఉంది. ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు.

ఎవరు చేశారని అడిగారు. నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచాను, నిజం. కానీ బయటికొచ్చింది వేరే మాట. నా కోడలు అన్నాను. డ్రైవరు కుర్రాడు, మరి మీ అబ్బాయి ఎక్కడమ్మా అన్నాడు. "అబ్బాయి సంగతి వదిలెయ్, నాకు కోడలుంది" అన్నాను.

వాళ్ళు వెళ్ళిన వారానికే కోతలు. ఈసారి బానలోకి నేనే దిగాను, అరవై రెండేళ్ళ వయసులో. దిగడం దిగాను గాని, పైకి రావడానికి శోతా, వాళ్ళావిడా చెరో చెయ్యి పట్టుకుని లాగాల్సొచ్చింది. "ముల్లంగి పీకినట్టుంది!" అన్నాడు. లోపలున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడాలి కదా, నిన్ను తిట్టడం మొదలుపెట్టాను. తిట్లు తొందరగానే అయిపోయాయి. తర్వాత వేరే మాటలొచ్చాయి. అవి శోతా వినలేదనే అనుకుంటున్నాను.

ఆ చిన్న బానలో మీ పద్ధతే చేశాను. పది బుట్టల పళ్ళ రసానికి ఒక బుట్ట తొక్కలని నువ్వు లెక్కపెట్టడం చూశాను, అదే గుర్తుపెట్టుకున్నాను. తప్పో ఒప్పో ఈ ఊళ్ళో చెప్పగలవాళ్ళు లేరు. "ముసలితనంలో ఇమెరెతి పిల్లవవుతున్నావా?" అని శోతా దెప్పుతూనే ఉన్నాడు.

ఏప్రిల్ రెండో ఆదివారం మూత తీద్దామనుకుంటున్నాను. నువ్వు వచ్చి తీస్తే బాగుంటుంది. బాగా కుదిరితే తాగుదాం, కుదరకపోతే నన్ను తిడుదువు గాని. గదికి మళ్ళీ సున్నం కొట్టించాను. నీ మంచం మీద పక్క మార్చాను. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
దోదో

తా.క. గేలా ఫోన్ చెయ్యలేదు. ఆ ఆగస్టులోనే కాదు, ఆ ఏడంతా చెయ్యలేదు. నిన్ను పొమ్మన్నది వాడు కాదు, నేను.

నిన్ను పొమ్మనడానికి నాలుగు రోజుల ముందు త్బిలిసి వాళ్ళు పన్నెండుమంది వచ్చారు, గుర్తుందా? వాళ్ళలో పెద్దాయన గ్లాసెత్తి, ఇది ఈ ఇంటి తల్లి పేరున తాగుదాం అన్నాడు. నేను కుర్చీలోంచి సగం లేచాను. ఆయన చూపు నీ మీదుంది. ఎవరూ చూడకుండా, రొట్టె తేవడానికి లేచినట్టు లోపలికెళ్ళిపోయాను. ఆ రాత్రంతా అదే తలుచుకున్నాను. కొడుకు ఎలాగూ దూరమయ్యాడు, ఈ ఇల్లయినా నాదిగా ఉండాలనుకున్నాను. ఆ మాట నీ మొహం మీద అనే ధైర్యం లేక, వాడి పేరు అడ్డం పెట్టుకున్నాను. నువ్వు వాడి మాటగానే నమ్మి, వాడు రెండోసారి గెంటేశాడనుకుంటూ ఆ బస్సెక్కావు. వాడికి చాలా తప్పులున్నాయి, ఇది మాత్రం వాడిది కాదు.

ఇది చదివాక నువ్వు రాకపోతే నిన్నేమీ అనను. వస్తే అత్తయ్యా అని పిలవక్కర్లేదు, దోదో అంటే పలుకుతాను.

నిన్న శోతాకి అంతా చెప్పాను. ఆయన, "అదే ఆమెకి రాయి" అన్నాడు. రాసి, ఈ తా.క. ఉన్న కాగితం మాత్రం రెండుసార్లు కవరులోంచి తీసేశాను. మూడోసారి తీస్తే మళ్ళీ పెట్టనేమోనని భయంగా ఉంది. ఇప్పుడు ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. కవరు అంటించే పని ఆయనకి ఇచ్చేస్తున్నాను.