గాజుల దుకాణం మీద ఎర్రగీత

హైదరాబాదు, 4 మార్చి 1962

ప్రియమైన అక్కకు,

శుభవార్త. మన చొప్పదండి చౌరస్తాను బాగుచేసే పని మా ఆఫీసుకు వచ్చింది. నక్షా గీసే పని నాకే ఇచ్చారు! పొంగిపొర్లే ఆ మురికినీటి మోరి, విరిగిన బండలు, బండ్ల ఇరుకు ఇక ఉండవు. అరవై అడుగుల రోడ్డు, రెండు పక్కలా దీపాలు. నాకు కుదురు లేదు, గీసిందే మళ్లీ గీస్తున్నాను. మనల్ని కన్న అవ్వ ఉంటే మురిసిపోయేది.

నీ తమ్ముడు,
రామచంద్రం

చొప్పదండి, 22 ఏప్రిల్

చిరంజీవి రామచంద్రానికి అక్క బాలలక్ష్మి దీవెనలు.

సర్కారు మనుషులు గొలుసుతో కొలిచి, మన గాజుల దుకాణంతో కలిపి ఆ వరుసలో ఇరవై దుకాణాలకూ కూల్చే గుర్తుగా ఎర్రగీత కొట్టి పోయారు. కుండలమ్మే కొమురెల్లి పొద్దున్నే వచ్చి, "నీ తమ్ముడేనట గా నక్షా గీసేది. మమ్ముల యాడ పెట్టిండో జర అడుగు బిడ్డా" అన్నాడు. "మా తమ్ముడుండంగ ఫికర్ ఎందుకు" అన్నాను. అన్నానే గానీ అన్నం సహించడం లేదు. ఆ గీత ఎవరు గీయమన్నారు? వెంటనే రాయి.

నీ అక్క

హైదరాబాదు, 10 మే

అక్కా,

అది పైవాళ్ల నిర్ణయం. మీకు వాగు అవతల కొత్త దుకాణాలు కడతారు. పెద్ద దూరమేమీ కాదు.

పని ఒత్తిడిలో,
రామచంద్రం

చొప్పదండి, 2 జూన్

తమ్మీ,

వారపు అంగడి రోజు నువ్వు చెప్పిన వాగు అవతల గాజులు పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. వచ్చింది ఇద్దరు. అందులో ఒకామె దారి అడగడానికి. బస్సు దిగిన ఆడవాళ్లు చౌరస్తా బావి నీళ్లు తాగి, మన వసారాల నీడన కూర్చుని, బిడ్డలకు పాలిచ్చుకుంటూ బేరమాడతారు. వాళ్లు వాగు దాటరు. నువ్వు ఒక్క అంగడి రోజు వచ్చి చూడు.

బాలలక్ష్మి

హైదరాబాదు, 19 సెప్టెంబరు

ప్రియమైన అక్కా,

పోయిన నెల అంగడికి వచ్చాను. ముఖం చెల్లక బస్సు దగ్గరే నిలబడ్డాను. నువ్వు ఒక ముసలామెకు గాజులు ఎక్కిస్తూ నవ్విస్తున్నావు. పలకరించకుండానే తిరిగి వచ్చేశాను.

నిజం రాస్తున్నాను. పైవాళ్లు అడిగింది మోరి, దీపాలు మాత్రమే. దుకాణాల మీదుగా రోడ్డు గీసింది నేనే. చిన్నప్పుడు ఆ మోరి పక్కన అవ్వ గాజులమ్ముతుంటే, తోటి పిల్లలు చూస్తారని తల వంచుకుని పోయేవాణ్ణి. ఆ వరుసే లేకుండా చేయాలనుకున్నాను.

కొత్త నక్షా గీశాను. లారీలు ఊరి బయట నుంచి పోతాయి. చౌరస్తా నడిచేవాళ్లకే. వసారాలన్నిటికీ ఒకే రేకుల నీడ. "మొదటిది తప్పని రాసిస్తవా?" అన్నారు ఆఫీసరు. రాసిచ్చాను. ఒప్పుకున్నారు. కానీ మోరి పారాలంటే మూల దుకాణం తీయక తప్పదు. అది మనదే అక్కా. ఎన్నిసార్లు కొలిచినా అదే వచ్చింది.

క్షమించమని అడిగే ధైర్యం లేని
రామచంద్రం

చొప్పదండి, 28 సెప్టెంబరు

తమ్మీ,

రెండు రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. తర్వాత దుకాణం ఖాళీ చేయడం మొదలుపెట్టాను. పక్క వసారాలో సగం జాగా ఇచ్చారు, సరిపోతుంది.

నీకు తెలియనిది ఒకటి చెప్తాను. నువ్వు బడి నుంచి వచ్చే వేళకు అవ్వ కొంగు ముఖం మీదికి లాక్కునేది. ఎందుకని అడిగితే, "పోరడు సిగ్గుపడ్తడు, వాణ్ని పోనియ్యి" అనేది.

అక్క